రోగనిరోధక కణాలే అయోర్టా ఉబ్బుకు కారణమా? జన్యు సాక్ష్యం ఎంతవరకు, నాన్నగారికి ఆ పరీక్ష ఎందుకు వద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. విశాఖ గాజువాకలో ఉంటున్న మీ నాన్నగారికి 67 ఏళ్లు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, ముప్పై ఏళ్లకు పైగా సిగరెట్ అలవాటు. ప్రొస్టేట్ కోసం తీయించిన అల్ట్రాసౌండ్‌లో పొట్టలోని అయోర్టా, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, 4.1 సెంటీమీటర్లకు ఉబ్బి ఉందని, అంటే అన్యూరిజం ఉందని బయటపడింది. తర్వాత మీరు ‘రోగనిరోధక కణాలే అయోర్టా అన్యూరిజానికి కారణమని జన్యు పరిశోధన తేల్చింది’ అనే వార్త చదివారు. ఒక ల్యాబ్ వాళ్లు రక్తంలోని కణాలను రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీతో ‘ఇమ్యూన్ ప్రొఫైల్’ చేస్తామన్నారు. అది నాన్నగారికి, మీకు, మీ అక్కకు చేయించాలా, ఇమ్యూనిటీ పెంచే మందులు వాడొచ్చా, పూడిమడకలో ఉన్న మేనత్తకు కూడా ఇది ఉండే అవకాశం ఉందా అని అడిగారు.

ముందు సమాధానం: ఆ పరీక్ష చేయించకండి. ఫలితం ఎలా వచ్చినా నాన్నగారి వైద్యంలో ఒక్క నిర్ణయం కూడా మారదు. పొట్టలో వచ్చే అన్యూరిజంలో రోగనిరోధక వ్యవస్థ పాత్ర ఉందన్నది నిజమే. అందులో ఒక దారికి, అంటే ఐఎల్-6 అనే సంకేతం నడిచే దారికి, గట్టి జన్యు సాక్ష్యం కూడా ఉంది. కానీ ఫలానా బి కణం కారణం, ఫలానా టి కణం కాపాడుతుంది అని పేరుపేరునా చెప్పే లెక్కలు వేరే సంగతి. వాటిలో చాలావాటికి పునాది పలచన. నాన్నగారి విషయంలో ఇవాళ పనికొచ్చే అంకెలు మూడే: ఉబ్బు ఎన్ని సెంటీమీటర్లు, ఏడాదికి ఎంత పెరుగుతోంది, రోజుకు ఎన్ని సిగరెట్లు కాలుస్తున్నారు.

మీరు చదివిన వార్త వెనక ఏముందో కాస్త వివరంగా చెప్తాను. ఇలాంటివి ఇంకా చాలా వస్తాయి, ప్రతిసారీ ఎవరో ఒకరు ఓ పరీక్ష అమ్ముతారు.

అన్యూరిజం ఆపరేషన్‌లో తీసిన అయోర్టా గోడ ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే మాక్రోఫేజ్‌లు, టి కణాలు, బి కణాలు, మాస్ట్ కణాలు గుంపులుగా కనిపిస్తాయి. గోడకు సాగే గుణం ఇచ్చే ఎలాస్టిన్ పీచులు తెగిపోయి ఉంటాయి. వాటిని కోసే ఎంఎంపీ-9 లాంటి ఎంజైములను వదిలేది ముఖ్యంగా ఆ మాక్రోఫేజ్‌లే. ఇంతవరకు ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా ముందు వచ్చిందేది అన్న దగ్గర. ఫిషింగ్ హార్బర్‌లో చిరిగిన వల దగ్గర వల అల్లే మనిషి కూర్చుని ఉంటాడు. అతను అక్కడ ఉన్నాడు కాబట్టి చింపింది అతనే అనలేం కదా. పైగా సిగరెట్ తాగేవాళ్ల రక్తంలో తెల్ల కణాలు మామూలుగానే ఎక్కువ ఉంటాయి, అన్యూరిజమూ వాళ్లకే ఎక్కువ. రెండూ కలిసి కనబడితే ఒకటి రెండోదానికి కారణమని కాదు, రెండింటి వెనకా పొగ ఉండొచ్చు.

ఈ చిక్కు విప్పడానికే మెండీలియన్ రాండమైజేషన్ అనే పద్ధతి. అమ్మ నుంచి ఏ జన్యు ముక్క వస్తుంది, నాన్న నుంచి ఏది వస్తుంది అన్నది కడుపులో పడిన రోజే తేలిపోతుంది, పేకముక్కలు పంచినట్టు. ఆ తర్వాత మనం సిగరెట్ తాగినా, షుగర్ వచ్చినా ఆ పంపకం మారదు. ఒక జన్యు తేడా ఉన్నవాళ్లలో పుట్టినప్పటి నుంచీ ఒక రకం కణాలు కాస్త ఎక్కువ ఉంటాయనుకుందాం. వాళ్లలో అన్యూరిజం కూడా ఎక్కువ కనిపిస్తే, ఆ కణాలకు కారణంలో వాటా ఉందని అనుమానించడానికి ఆధారం దొరికినట్టే.

లెక్క ఎలా వేస్తారో ఊహా అంకెలతో చూడండి. ఒక జన్యు తేడా ఒక కణం స్థాయిని 0.2 ప్రామాణిక విచలనం (మనుషుల మధ్య మామూలుగా ఉండే తేడాకు కొలత) మేర పెంచుతోంది. అదే తేడా అన్యూరిజం ఆడ్స్‌ను, అంటే జబ్బు వచ్చే అవకాశానికీ రాని అవకాశానికీ ఉన్న నిష్పత్తిని, లాగ్ కొలతలో 0.02 పెంచుతోంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.1. దాన్ని ఆడ్స్ నిష్పత్తిగా మారిస్తే 1.105. ఇలాంటి పది ఇరవై తేడాల ఫలితాలను సగటు తీస్తే వార్తల్లో వచ్చే అంకె తయారవుతుంది.

ఇది నిలబడాలంటే మూడు షరతులు. ఆ జన్యు తేడాకు ఆ కణంతో నిజంగా సంబంధం ఉండాలి. ఆ తేడా ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య జాతి, ప్రాంతం లాంటి వేరే వ్యత్యాసం ఉండకూడదు. మూడోది అన్నిటికంటే కష్టమైనది: ఆ తేడా అన్యూరిజాన్ని ఆ కణం ద్వారానే తాకాలి, ఇంకో దారిన తాకకూడదు. రోగనిరోధక జన్యువుల్లో ఈ మూడో షరతు మాటిమాటికీ తప్పుతుంది. ఎస్‌హెచ్2బీ3 అనే జన్యువునే తీసుకోండి. అందులోని ఒకే ఒక తేడా తెల్ల కణాలను, ప్లేట్‌లెట్లను, బీపీని, కొలెస్ట్రాల్‌ను అన్నిటినీ కదిలిస్తుంది. దాన్ని ‘ఇసినోఫిల్ కణాల గుర్తు’గా వాడి ఫలితం వచ్చిందంటే, పని చేసింది ఇసినోఫిలా బీపీయా అని ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు అసలు విషయం. రోగనిరోధక కణాలకూ ఏదో ఒక జబ్బుకూ ముడిపెట్టే ఇలాంటి పేపర్లలో చాలా భాగానికి ఒకటే గని. 2020లో వచ్చిన సార్డీనియా అధ్యయనం అది. ఇటలీకి చెందిన ఆ దీవిలో 3,757 మంది రక్తంలో 731 కణ లక్షణాలు కొలిచారు: 118 కణాల సంఖ్యలు, 192 నిష్పత్తులు, కణం ఒంటి మీది గుర్తులు ఎంత మెరుస్తున్నాయో చెప్పే 389 కొలతలు, ఆకారానికి సంబంధించినవి 32. అది చాలా గొప్ప పని, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చిక్కు ఆ తర్వాత మొదలైంది. ఆ డేటా అందరికీ ఉచితం. ఫిన్లాండ్ వాళ్ల ఫిన్‌జెన్ జబ్బుల డేటా కూడా ఉచితం. రెండూ దించుకుని రెడీమేడ్ ప్రోగ్రాంలో పెడితే ఒక సాయంత్రంలో 731 ఫలితాలు చేతికొస్తాయి.

ఆ 731లో ఒక్కదానికీ అన్యూరిజంతో సంబంధం లేదనే అనుకోండి. అయినా 0.05 గీత (సంబంధం లేకున్నా వందలో ఐదుసార్లు దాటే గీత) పెట్టుకుంటే కేవలం కాకతాళీయంగా 36, 37 లక్షణాలు ‘కారణం’ అని తేలతాయి. 731ని 0.05తో గుణించి చూడండి. కాబట్టి ‘731లో 40 రకాలు అన్యూరిజానికి కారణమని తేలింది’ అనే శీర్షిక కనిపిస్తే, దాదాపు ఏమీ తేలలేదని చదువుకోవాలి. ఇన్ని పరీక్షలకు సరిపడా కఠినంగా గీత గీస్తే అది 0.05 భాగం 731, అంటే సుమారు 0.00007 దగ్గర పడుతుంది. ఆ గీత దాటేవి ఎన్ని మిగిలాయో పేపర్లో వెతకండి. అయితే ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ 731 లక్షణాలు ఒకదానితో ఒకటి ముడిపడినవి కాబట్టి అంత కఠినం అక్కర్లేదనే వాదనలో నిజం ఉంది. అలాంటప్పుడు తప్పుడు ఫలితాల వాటాను అదుపులో పెట్టే ఎఫ్‌డీఆర్ దిద్దుబాటు చేసి ఉండాలి. అది కూడా చేయకుండా ‘సూచనప్రాయం’ అనే మాట తగిలించి ముగించారంటే అక్కడితో పక్కన పెట్టేయొచ్చు.

రెండో పలచని చోటు జన్యు తేడాల ఎంపిక. జన్యుపటం మొత్తం వెతికే అధ్యయనాల్లో అందరూ ఒప్పుకున్న గీత 5×10⁻⁸. 3,757 మంది డేటాలో ఆ గీత దాటే తేడాలు చాలా లక్షణాలకు ఒకటో రెండో, కొన్నింటికి సున్నా. సగటు తీయడానికి అవి చాలవు. అందుకని గీతను 1×10⁻⁵ దాకా సడలిస్తారు. జన్యుపటంలో ఒకదానితో ఒకటి సంబంధం లేని తేడాలు రమారమి పది లక్షలు అనుకుంటే, 1×10⁻⁵ గీత దగ్గర కేవలం అదృష్టం కొద్దీ పది తేడాలు దాటేస్తాయి. ఒక లక్షణానికి వాడిన 15, 20 తేడాల్లో సగం దాకా ఉత్త శబ్దమే అయ్యే అవకాశం ఉందన్నమాట. పనిముట్టే విరిగిపోయి ఉంటే కొలత సంగతి చెప్పేదేముంది?

ఇక్కడ పేపర్లు, జన్యు తేడాకూ కణానికీ ముడి ఎంత గట్టిదో చెప్పే ఎఫ్ విలువ చూపించి, ఒక భరోసా ఇస్తుంటాయి: ‘మా తేడాలన్నిటికీ ఎఫ్ విలువ 10 కంటే ఎక్కువ, కాబట్టి అవి బలమైనవి’ అని. ఈ మాటకు ఇక్కడ బరువు లేదు. 1×10⁻⁵ గీత దాటిన ఏ తేడాకైనా ఎఫ్ విలువ దానంతట అదే 19.5కి పైన ఉంటుంది, అది లెక్కలోనే ఉంది. గీత దాటినవాటినే ఏరుకుని, చూశారా అన్నీ గీత దాటాయి అన్నట్టు ఉంటుంది అది. అసలు బలం తెలియాలంటే వేరే జనాభాలో, వేరే మనుషుల్లో ఆ తేడాలు అదే కణాన్ని కదిలిస్తున్నాయా అని చూడాలి. కేవలం కణాల సంఖ్య గురించి ప్రశ్న అయితే, న్యూట్రోఫిల్స్, మోనోసైట్స్, లింఫోసైట్స్ లాంటివాటికి, నాలుగు లక్షల మందికి పైగా యూకే బయోబ్యాంక్ డేటా మీద చేసిన అధ్యయనాలు ఉన్నాయి. వాటితో వచ్చిన ఫలితాన్ని నేను ముందు చదువుతాను.

మూడోది, ఒకే సాక్షిని పది పేర్లతో పిలవడం. బాఫ్-ఆర్ అనే గుర్తు బి కణాల మీద ఉంటుంది. ఆ 731లో ‘ఫలానా బి కణం మీద బాఫ్-ఆర్’, ‘ఇంకో బి కణం మీద బాఫ్-ఆర్’ అంటూ వరసగా బోలెడు లక్షణాలు ఉన్నాయి. వాటన్నిటి వెనకా ముఖ్యంగా పనిచేసేది ఆ గుర్తును తయారుచేసే జన్యువు పక్కనున్న తేడాలే. సీడీ33, సీడీ25 కూడా అంతే. ‘తొమ్మిది రకాల కణాలు ఒకే దిక్కు చూపించాయి’ అని చదివితే, ఆ తొమ్మిదింటి జన్యు తేడాల పట్టిక తెరిచి ఒకే చోటు మళ్లీ మళ్లీ వస్తోందేమో చూడండి.

హెచ్ఎల్ఏ ప్రాంతాన్ని తీసేశారా అన్నది కూడా చూడాలి. ఆరో క్రోమోజోమ్ మీద సుమారు 25 నుంచి 34 మెగాబేస్‌ల (పది లక్షల జన్యు అక్షరాలు ఒక మెగాబేస్) మధ్య రోగనిరోధక జన్యువులు చీమలపుట్టలా కిక్కిరిసి ఉంటాయి. అక్కడి ఒక్క తేడా వందల లక్షణాలను, డజన్ల జబ్బులను తాకుతుంది. దాన్ని తీసేశాక కూడా ఫలితం నిలిస్తే మాట్లాడుకోవచ్చు. ఒక్కో తేడాను పక్కన పెట్టి మళ్లీ లెక్కేసే పరీక్షలో ఒక్కటి తీయగానే ఫలితం కూలిపోతే, ఆ ఫలితం మొత్తం ఆ ఒక్క తేడాదే.

జబ్బు వైపు కూడా ఒక తిరకాసు ఉంది. ఆసుపత్రి రికార్డుల్లో అయోర్టా అన్యూరిజానికి ఐ71 అనే కోడ్ వాడతారు. దాని కిందే అయోర్టా పొర చీలడం, ఛాతీ అన్యూరిజం, పొట్ట అన్యూరిజం అన్నీ ఉంటాయి. అన్నిటినీ కలిపేసి ‘అయోర్టా అన్యూరిజం’ అని ఒకే మూటగా కడితే, వేర్వేరు జబ్బుల సగటు వస్తుంది. ఛాతీలోదీ పొట్టలోదీ ఒక జబ్బు కాదు, కిందికి వచ్చాక చెప్తాను.

ఒక చిన్న పక్కమాట. సార్డీనియాలో వేల ఏళ్లు మలేరియా తిష్ట వేసింది. అందువల్ల అక్కడివాళ్లలో బి కణాలను పెంచే బాఫ్ జన్యు తేడా ఒకటి బాగా వ్యాపించింది. అదే తేడా అక్కడ మల్టిపుల్ స్క్లెరోసిస్, లూపస్ ముప్పును పెంచుతోందని 2017లో చూపించారు. మన పాడేరు, అరకు కొండల్లోనూ మలేరియా తరతరాలుగా ఉన్నదే. కానీ అక్కడి జన్యువుల మీద అది ఏ ముద్ర వేసిందో సార్డీనియా పట్టిక చూసి చెప్పలేం. జీనోమ్‌ఇండియా కింద పది వేల మంది భారతీయుల జన్యుపటాలు తయారయ్యాయి, మంచి మొదలే, కానీ అవి ఆరోగ్యవంతులవి, అన్యూరిజం రోగులవి కావు. సార్డీనియా కణాలు, ఫిన్లాండ్ జబ్బు కలిపి వేసిన లెక్కను గాజువాక మనిషి రక్త పరీక్షకు అంటగట్టడం నాకు అసలు మింగుడుపడని విషయం.

మరి ఏది నిలబడింది? ఇది మనస్ఫూర్తిగా చెప్పాల్సిన భాగం. జన్యు సాక్ష్యమంతా ఉత్తదే అనుకుంటే అదీ తప్పే.

ఐఎల్-6 దారి నిలబడింది. ఐఎల్-6 సంకేతాన్ని అందుకునే రిసెప్టర్‌ను ఐఎల్6ఆర్ అనే జన్యువు తయారుచేస్తుంది. అందులో 358వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారే తేడా చాలామందిలో ఉంటుంది. ఆ తేడా ఉంటే రిసెప్టర్ కణం మీద నుంచి ఎక్కువగా తెగి రక్తంలోకి వచ్చేస్తుంది, కణం లోపలికి సంకేతం తగ్గుతుంది, సి-రియాక్టివ్ ప్రొటీన్ తగ్గుతుంది. 2013లో వచ్చిన ఉమ్మడి విశ్లేషణలో ఈ తేడా ప్రతి కాపీకి పొట్ట అన్యూరిజం ఆడ్స్ 16 శాతం తక్కువగా కనిపించింది. గుండె రక్తనాళాల జబ్బు మీద ఇదే తేడా ప్రభావం 3, 4 శాతం మాత్రమే. ఒకే జన్యువు, దాని పని మనకు తెలుసు, చాలా దేశాల సమూహాల్లో ఒకే దిక్కు. సాక్ష్యం అంటే ఇలా ఉండాలి.

ఇందులోనే మీ ల్యాబ్ పరీక్షకు జవాబు కూడా ఉంది. ఈ రక్షణ ఇచ్చే తేడా ఉన్నవాళ్ల రక్తంలో ఐఎల్-6 కొలిస్తే అది తక్కువ కాదు, ఎక్కువ ఉంటుంది. కణం అందుకోలేక వదిలేసింది రక్తంలో మిగిలిపోతుంది మరి. రిపోర్టులో ఎర్ర అక్షరాలతో ‘హై’ అని వచ్చిన మనిషే ఎక్కువ భద్రంగా ఉన్న మనిషి కావచ్చు. రక్తంలో కనిపించేదీ అయోర్టా గోడలో జరిగేదీ ఒకటి కాదు.

ఆ తర్వాత 2023లో వచ్చిన ఏఏఏజెన్ కన్సార్టియం అధ్యయనం పొట్ట అన్యూరిజం ఉన్న 39,221 మందిని, లేని పది లక్షల పైచిలుకు మందిని పోల్చి 121 జన్యు స్థానాలను గుర్తించింది. అందులో గట్టిగా కనబడినది కొలెస్ట్రాల్ దారి, ముఖ్యంగా చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే పీసీఎస్‌కే9 జన్యువు. ఇంకా గోడ నిర్మాణం, ఇన్‌ఫ్లమేషన్‌కు సంబంధించినవి ఉన్నాయి. రోగనిరోధక కణాలు ఈ కథలో ఒక పాత్ర, కథ మొత్తం కాదు.

ఇక, దారి నిజమైనంత మాత్రాన మందు పనిచేస్తుందని కాదు. ఎంఎంపీ ఎంజైములను అణిచే డాక్సీసైక్లిన్ ఎలుకల్లో బాగా పనిచేసింది. మనుషుల్లో 18 నెలలు రోజుకు 100 మిల్లీగ్రాములు ఇచ్చిన నెదర్లాండ్స్ ట్రయల్‌లో, 2013లో, ఉబ్బు తగ్గకపోగా కాస్త ఎక్కువే పెరిగింది. 2020లో అమెరికా ట్రయల్‌లో 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రెండేళ్లు ఇచ్చినా పెరుగుదల ఆగలేదు. మాస్ట్ కణాలను ఆపే పెమిరోలాస్ట్ కూడా 2015లో విఫలమైంది. ఎలుకల్లో అన్యూరిజాన్ని నాలుగు వారాల్లో తెప్పిస్తారు, మనిషిలో అది పాతికేళ్లు మెల్లగా వస్తుంది. మనం దొరకబట్టే నాటికి మొదలుపెట్టిన కణాలు తమ పని ముగించి ఉండొచ్చు. ఐఎల్-6 రిసెప్టర్‌ను అడ్డుకునే టోసిలిజుమాబ్ కీళ్లవాతానికి వాడుకలో ఉంది కదా, అది ఇస్తే పోలేదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దాచి ఉన్న టీబీని లేపగలదు, కొలెస్ట్రాల్ పెంచుతుంది, మామూలు పొట్ట అన్యూరిజంలో దానితో మేలు జరిగిందని చూపిన ట్రయల్ లేదు.

రోగనిరోధక పరీక్షలు నిజంగా కావలసిన సందర్భాలు ఉన్నాయి, వాటిని కలపకూడదు. నలభై లోపు వయసు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఒక చేతిలో నాడి అందకపోవడం, రెండు చేతుల బీపీల మధ్య పెద్ద తేడా, సన్నని జ్వరం, నీరసం ఉంటే టకయాసు ఆర్టరైటిస్‌ను అనుమానించాలి. మన దేశంలో ఇది అరుదైన మాట కాదు. అందులో రోగనిరోధక కణాలే అయోర్టా గోడ మీద దాడి చేస్తాయి, హెచ్ఎల్ఏ-బి*52తో సంబంధం స్థిరపడిన విషయం. వైద్యం కూడా స్టెరాయిడ్లు, రోగనిరోధకతను అణిచే మందులే. స్కాన్‌లో అయోర్టా చుట్టూ దళసరి పొర కనిపించి, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే రక్త పరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ పెరిగి, వెన్ను నొప్పి, బరువు తగ్గడం ఉంటే అది ఇన్‌ఫ్లమేటరీ అన్యూరిజం, దానికీ దారి వేరు. మీ నాన్నగారి గురించి మీరు రాసిన వివరాల్లో ఇవేవీ లేవు.

జన్యు పరీక్ష సంగతి. ఛాతీ అయోర్టా ఉబ్బు అరవై లోపు వస్తే, లేదా కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణాలు ఉంటే, ఎఫ్‌బీఎన్1, టీజీఎఫ్‌బీఆర్1, టీజీఎఫ్‌బీఆర్2, ఏసీటీఏ2, ఎస్‌ఎంఏడీ3, సీఓఎల్3ఏ1 లాంటి జన్యువుల ప్యానెల్ చేయించడం అర్థవంతం. ఫలితాన్ని బట్టి ఆపరేషన్ చేసే సైజు కూడా మారుతుంది. ఇవి ఎక్కువగా గోడ కట్టుబడి జన్యువులు, రోగనిరోధక జన్యువులు కావు. మేనరికాలు ఎక్కువ ఉన్న మన దగ్గర ఇంకో జాగ్రత్త కూడా అవసరం: కేరళలో 22 మంది పసిపిల్లల్లో ప్రాణాంతకమైన అయోర్టా జబ్బుకు ఎఫ్‌బీఎల్ఎన్4 జన్యువులో ఒకే మార్పు రెండు కాపీలూ రావడం కారణమని 2012లో తేలింది. అయితే 67 ఏళ్ల వయసులో, ముప్పై ఏళ్ల సిగరెట్ తర్వాత, పొట్టలో వచ్చిన 4.1 సెంటీమీటర్ల ఉబ్బుకు ఆ ప్యానెల్ నుంచి ఏమీ రాదు. ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ విభాగమే ఉంది, కుటుంబ చరిత్ర అనుమానంగా ఉన్నవాళ్లు అలాంటి చోట కౌన్సెలింగ్ గురించి అడిగి, ఆ తర్వాతే ప్యానెల్‌కు డబ్బు పెట్టాలి.

వారసత్వం లేదని కాదు సుమా. స్వీడన్ కవలల మీద 2010లో వచ్చిన లెక్కలో పొట్ట అన్యూరిజంలో వారసత్వ వాటా సుమారు 70 శాతం. తోబుట్టువులకు, పిల్లలకు ముప్పు సుమారు రెట్టింపు. కానీ అది వందల చిన్న తేడాల మూకుమ్మడి పని. దాన్ని పట్టుకునే చవకైన పరీక్ష జన్యువుది కాదు, అల్ట్రాసౌండ్‌ది.

ఇక చేయాల్సిన పనులు.

నాన్నగారి స్కాన్ రిపోర్టు తీసి, 4.1 అన్నది ముందు నుంచి వెనక్కి తీసిన వ్యాసమా, అడ్డంగా తీసిందా చూడండి. గోడ బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచారా, లోపలి నుంచి లోపలికా అన్నది కూడా అడగండి. ఈ ఒక్క పద్ధతి తేడాతోనే 3, 4 మిల్లీమీటర్లు మారిపోతుంది. ఇవాళ ఒక చోట లోపలి కొలత, వచ్చే ఏడాది ఇంకో చోట బయటి కొలత తీస్తే, పెరగని ఉబ్బు పెరిగినట్టు కనిపించి ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. మహారాణిపేటలో చేయించినా రాంనగర్‌లో చేయించినా ప్రతిసారీ అదే సెంటర్, అదే పద్ధతి. ఆరు గంటలు ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్తే గ్యాస్ అడ్డు రాదు. మోకాలి వెనక ఉండే పాప్లిటియల్ ధమనులు కూడా ఒకసారి చూడమనండి, పొట్టలో ఉన్నవాళ్లలో అక్కడ కూడా ఉబ్బు దొరుకుతుంటుంది.

3.0 దాటితే అన్యూరిజం అంటారు. యూరప్ మార్గదర్శకాల ప్రకారం మగవాళ్లకు 4.0 నుంచి 4.9 మధ్య ఉంటే ఏడాదికి ఒకసారి స్కాన్, 5.0 దాటితే ఆరు నెలలకు. మగవాళ్లకు 5.5, ఆడవాళ్లకు 5.0 దగ్గర ఆపరేషన్ ఆలోచిస్తారు. చిన్న ఉబ్బులు సగటున ఏడాదికి 2 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతాయి. కాబట్టి నెలనెలా స్కాన్ చేయించడం వల్ల డబ్బు ఖర్చు, భయం తప్ప ఒరిగేది లేదు.

సిగరెట్ ఆపడం. వేల మందిని కలిపి చూసిన 2012 నాటి లెక్కలో, కాలుస్తున్నవాళ్ల ఉబ్బు ఏడాదికి 0.35 మిల్లీమీటర్లు ఎక్కువ పెరిగింది, పగిలే ముప్పు రెట్టింపు. ఇన్ని మందులు విఫలమైన చోట పనికొచ్చేది ఇదొక్కటే అంటే అతిశయోక్తి కాదు. తగ్గిస్తాను అంటే ఒప్పుకోకండి, పూర్తిగా మానాలి. నికోటిన్ బిళ్లల మోతాదు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. షుగర్ ఉన్నవాళ్లలో ఉబ్బు నిదానంగా పెరుగుతుందని అదే లెక్క చెప్పింది, దీని మీద మెట్‌ఫార్మిన్‌తో ట్రయల్స్ నడుస్తున్నాయి. అలాగని షుగర్ లేని మనిషి ఆ మాత్ర మింగకూడదు.

బీపీ అదుపు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర డాక్టరు రాస్తే మానకండి. అన్యూరిజం ఉన్నవాళ్లు ఉబ్బు పగిలే లోపే గుండెపోటుతో పోయే ప్రమాదం ఎక్కువ. స్టాటిన్ అందుకే.

మందుల షాపు దగ్గర ఒక జాగ్రత్త. విరేచనాలైతే చాలు, చీటీ లేకుండా ఓఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ మాత్రలు చేతిలో పెడతారు. యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కు సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ కూడా అంతే. ఈ జాతి యాంటీబయాటిక్స్ అయోర్టా చీలిక, పగులు ముప్పును పెంచవచ్చని, అన్యూరిజం ఉన్నవాళ్లకు వేరే మందు ఉంటే ఇవి వాడొద్దని 2018 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. నాన్నగారికి ప్రొస్టేట్ సమస్య ఉంది కాబట్టి ఇవి రాసే అవకాశం ఇంకా ఎక్కువ. యూరాలజిస్టుకు అన్యూరిజం సంగతి మీరే ముందుగా చెప్పండి. స్కాన్ ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.

ఇమ్యూనిటీ పెంచే మందులు వద్దు. అవి ఏ కణాన్ని పెంచుతాయో అమ్మేవాళ్లకే తెలియదు, పెంచినా అది మంచో చెడో ఇప్పటిదాకా చెప్పిన కారణాల వల్ల ఎవరూ చెప్పలేరు. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న కేసులను కోవిడ్ రోజుల నుంచి మన దేశపు కాలేయ నిపుణులే ప్రచురించారు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు మాత్రం భయం లేకుండా వేయించుకోవచ్చు, అవి వేరే సంగతి.

నొప్పి గురించి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. హఠాత్తుగా పొట్టలో గానీ నడుములో గానీ తీవ్రమైన నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం వస్తే గ్యాస్ మాత్ర వేసి చూడకండి. అరవై దాటాక మొదటిసారి ఎడమ పక్క నడుము నొప్పి వస్తే కిడ్నీ రాయి అనుకుని ఇంజెక్షన్ చేసి పంపేయడం ఈ జబ్బులో బాగా తెలిసిన పొరపాటు. మన ఊరి ఎండలకు, చెమటలకు కిడ్నీ రాళ్లు మామూలే కాబట్టి ఎవరికైనా ముందు అదే తోస్తుంది. 108కి ఫోన్ చేసి, ‘అయోర్టా అన్యూరిజం ఉంది’ అని మొదటి వాక్యంలోనే చెప్పి, రక్తనాళాలను చూపే సీటీ యాంజియో స్కాన్, రక్తనాళాల సర్జన్ రెండూ ఉన్న చోటికి నేరుగా వెళ్లండి. ఆ ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని ఉంచుకోండి. ఆ వేళ స్కాన్ సెంటర్ల చుట్టూ తిరిగే సమయం ఉండదు.

మీకు, అక్కకు: యూరప్ మార్గదర్శకాలు రోగి పిల్లలకు, తోబుట్టువులకు, మగా ఆడా తేడా లేకుండా, యాభై దాటాక ఒక అల్ట్రాసౌండ్ చేయించమంటాయి. మామూలుగా ఉంటే గాబరా అక్కర్లేదు. అప్పటిదాకా మీరు సిగరెట్ ముట్టకపోతే చాలు.

చివరిగా మేనత్త. ఆవిడకు 63 అన్నారు, అడ్డపొగ అలవాటు ఉందన్నారు. ఆవిడ నాన్నగారి తోడబుట్టింది, పైగా పొగ ఉంది, కాబట్టి మీ ఇంట్లో ముందు స్కాన్ కావలసింది ఆవిడకే. విదేశీ స్క్రీనింగ్ నియమాలు ఎక్కువగా 65 దాటిన మగవాళ్లను లెక్కలో పెట్టుకుని రాసినవి. మన తీరంలో ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాలుస్తారని ఆ నియమాలు రాసినవాళ్ల ఊహలో ఉండదు. డాక్టరు ‘పొగ తాగుతారా’ అని అడిగితే ఆవిడ లేదనే అంటుంది, ఎందుకంటే ఆవిడ లెక్కలో పొగ అంటే సిగరెట్. ‘చుట్ట ఎన్నేళ్ల నుంచి, రోజుకు ఎన్ని’ అని మీరు పక్కన ఉండి చెప్పాలి. ఆడవాళ్లలో ఉబ్బు తక్కువ, కానీ ఉంటే పగిలే ముప్పు అదే సైజు ఉన్న మగవాళ్ల కంటే దాదాపు నాలుగు రెట్లు. అల్ట్రాసౌండ్‌కు తీసుకెళ్లిన రోజే నోట్లో అంగిలి కూడా చూపించండి, అడ్డపొగతో అక్కడ పుండ్లు, క్యాన్సర్ రావడం ఈ జిల్లాల్లో ఎప్పటి నుంచో తెలిసిన సంగతే.